వానికంటె ముందు ఎవలు?

ఫలానా దేశాన్ని ఫలానా వాడు కనుక్కున్నాడనే మాట సత్తార్ చాచా చెవిన పడేట్టు మరిపెడలో ఎవరూ అనరు. అన్నవాళ్లకు ఆ పూట అన్నం చల్లారినట్టే.

అబ్దుల్ సత్తార్ బడిపిల్లల చార్టులు, పటాలు, సుద్దముక్కలు అమ్ముతాడు. కొత్త సరుకు దిగగానే అన్వేషకుల చార్టులన్నీ ముందేసుకుని ఎర్రపెన్నుతో దిద్దుతాడు. ఆస్ట్రేలియాను కనుక్కున్నది కెప్టెన్ కుక్ అని అచ్చయిన చోట కొట్టేసి, "ఇతనికంటె నూట అరవై నాలుగేళ్ల ముందే డచ్చి నావికుడు యాన్సూన్ దిగాడు. అతనికంటె వేల ఏళ్ల ముందు నుంచీ అక్కడ మనుషులున్నారు" అని రాస్తాడు. కొలంబస్‌కు ఐదువందల ఏళ్ల ముందే ఉత్తరాది ఓడలవాళ్లు అమెరికా ఒడ్డున దిగారని ఇంకోచోట. వాస్కో డ గామా బొమ్మకు గడ్డం మీదుగా, ఇతను దారి తెలిసిన మనిషిని ఆఫ్రికా రేవులో ఎక్కించుకుని వచ్చాడని మరోచోట. చివరికి చార్టులో బొమ్మలకంటే ఎరుపే ఎక్కువ. దాన్ని చదివి పరీక్ష రాసిన పిల్లలకు మార్కులు పోయేవి.

రామ్మోహన్ సార్ ఒకసారి కొట్లాటకే వచ్చాడు.

"చాచా, జవాబుల కాగితంల కొలంబస్ అనే ఉన్నది. నన్నేం జెయ్యమంటవ్?"

"ఆ కాగితం రాసినోడు ఎవల్ని జూసి రాసిండో అడుగు సార్. వానికంటె ముందు ఎవలు?"

సార్ ఏ బొమ్మా లేని తెల్ల చార్టులు కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ అదే వరస. కళ్లద్దాలు దొరికినయని భార్య నఫీసా బేగం అంటే, అవి పొద్దటి నుంచి తన నెత్తి మీదే ఉన్నాయనీ, ఆమె కొత్తగా కనుక్కున్నదేమీ లేదనీ వాదించాడట. ఆమె ఆ పూట కూర వడ్డించలేదు.

మా నిఖిత రెండో తరగతి. బడి నుంచి వస్తూ రోజూ ఆ దుకాణం ముందు ఆగి, ప్రతిదానికీ "వానికంటె ముందు ఎవలు తాతా?" అని అడిగేది. నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. దాని దగ్గుకు ఒక నోటుబుక్కు పెట్టాను. నా సంచిలో ఎప్పుడూ థర్మామీటరు ఉంటుంది. అంత భయస్తురాలిని.

ఆ వానకాలం నిఖిత ఊరికే నీళ్లు తాగేది. పక్క తడిపేది. నేను కోప్పడి, చీకటిపడ్డాక నీళ్లు ఇవ్వడం మానేశాను. చిక్కిపోతుంటే పొడవు సాగుతోందనుకున్నాను. ఒకరోజు బడిగేటు దగ్గర ఆయా గంగి నన్ను ఆపింది.

"అమ్మా, పాప ఒంటికి పోసిన కాడ చీమలు పడుతున్నయి. జర దవాఖానల సూపియ్యుండ్రి."

వానలకు చీమలు ఎక్కడైనా వస్తాయని నవ్వి, బండి ఎక్కాను.

మూడోరోజు గంగి సుద్దముక్కల కోసం చాచా దుకాణానికి పోయి, మాటల్లో ఈ చీమల సంగతి చెప్పింది. పట్టపగలు షట్టరు దించి, నఫీసా బేగం వాడే చక్కెర మీటరు తీసుకుని చాచా మా ఇంటికి వచ్చాడు. నీరసమని నేను పడుకోబెట్టిన నిఖిత నిద్రపోవడం లేదు, ఊపిరి ఎగపోస్తోంది. వేలు గుచ్చి చూస్తే మీటరు అంకె చూపలేదు. అది కొలవగలిగినదానికంటే ఎక్కువని మాత్రం చూపింది.

చక్కెర జబ్బు ముదిరితే ఒంట్లో చేరే కీటోన్ల మీద పది మార్కుల ప్రశ్నకు పది తెచ్చుకున్నదాన్ని నేను. మాగిన పండులాంటి ఆ ఊపిరి వాసన పొద్దటి నుంచీ నా ముక్కుకు తగులుతూనే ఉంది.

మహబూబాబాద్‌లో మూడురోజులు ఐసీయూ. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు డాక్టరు, నాతోనూ నిఖిత నాన్నతోనూ. ఇక బతికినన్నాళ్లూ ఇన్సులిన్ సూదులే. రెండోరోజు పక్క మంచం ఖాళీ అయింది. ఆ తల్లి వైపు నేను చూడలేకపోయాను.

నిఖిత కళ్లు తెరిచాక, వచ్చినవాళ్లందరికీ ఈ జబ్బు కనుక్కున్నది చాచాయే అని చెప్పాను. ఆయన తేలు కుట్టినట్టు లేచాడు.

"గట్లనకు బిడ్డా. నేను కెప్టెన్ కుక్‌నే. నాకంటె ముందు గంగి జూసింది."

ఇంటికొచ్చాక ఒక తెల్ల చార్టు తెచ్చాడు. రోజుకు నాలుగుసార్లు చక్కెర రాసుకోవడానికి గళ్లు గీశాడు. పైన ఎర్రగా, "కనుక్కున్నది: గంగి." వెంట వచ్చిన గంగికి చదువు రాదు. ఆయనే చదివి వినిపిస్తే, నా పేరెందుకని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఉండబట్టలేక చెప్పేశాను. "చాచా, గంగి ముందు నాకే చెప్పింది. నేను నవ్విన."

"ఎరికే బిడ్డా. చేతిల పటం ఉన్నోళ్లే తొవ్వ తప్పుతరు. లేనోళ్లు అడుక్కుంట పోతరు."

మంచం మీది నుంచి నిఖిత చార్టు మీది పేరుకు వేలు చూపించింది.

"గంగి అవ్వకంటె ముందు ఎవలు తాతా?"

చాచా మంచం వైపు వంగాడు. "ఎవలు బిడ్డా?"

"నేను. ముందుగాల దూపయింది నాకే గద. నీళ్లు నీళ్లని అమ్మకు చెప్పిన గూడ."

చాచా ఎర్రపెన్ను మూత తీసి, గంగి పేరు కొట్టేసి నిఖిత అని రాశాడు. "అవు, పొల్లదే ముందు," అని గంగి ఒప్పుకుంది. తరువాత ఆయన చార్టులో మీటరు గడికి ముందు ఇంకో గడి గీసి, దాని మీద "నిఖిత ఏమన్నది" అని రాసి వెళ్లాడు.

ఇప్పుడు వేలు గుచ్చే ముందు దాన్ని అడిగి, చెప్పింది ఆ గడిలో రాస్తాను. మీటరు చూసేది ఆ తరువాతే. నిన్న ఎక్కువుందని చెప్పింది, ఎక్కువే ఉంది. లడ్డూ డబ్బా ఖాళీ అయిన సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఎవరు తిన్నారని గద్దించాను.

"నాకంటె ముందు నాయిన తిన్నడు," అంది.