నేరేడు గింజ

తాడేపల్లిగూడెంలో బస్సెక్కేసరికి నా సంచిలో జిల్లా అంతటికీ సరిపడా నేరేడు పళ్ళున్నాయి. షుగర్ మాత్రలు మానేసి నెలయింది. పక్క సీట్లో కైకలూరు వైపు చేపల చెరువుల రైతు కూర్చుంటే, నేరేడు గింజల పొడి మహిమ గురించి భీమడోలు దాకా ఆయనకి హరికథ చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. "నేనూ మాత్రలు మానేసి ఆ పొడే తిన్నానండీ. చెరువు గట్టు మీద నత్తగుల్ల కాల్లో దిగబడితే నాకు తెలియనే లేదండీ" అంటూ పంచె కాస్త జరిపారు. ఎడమ పాదానికి వేళ్ళు లేవు.

పళ్ళ సంచి ఆయన ముందు పెట్టాను. ఒకటి తిని, గింజ తుడిచి, అలవాటుగా జేబులో వేసుకున్నారు. మళ్ళీ తీసి కిటికీలోంచి పారేశారు.

ఏలూరులో దిగి తిన్నగా మందుల షాపుకెళ్ళాను. నేరేడు పళ్ళు ఇప్పటికీ తింటాను. తినే ముందు మాత్రం కాలివేళ్ళు ఒకసారి కదిపి చూసుకుంటాను.