అక్క ఆపేసిన గోళీ

అక్క పోయి మూడేళ్లు దాటింది. పోయేముందు రెండేళ్లు ఆమె కుడిచెయ్యి లేవలేదు. బంధువులు వచ్చినప్పుడల్లా "గోళీలు సరిగ్గ మింగకపోతే గట్లనే అయితది" అనేవారు, అక్క తల ఊపేది. నేను చాయ్ పెట్టే నెపంతో లోపలికి పోయేదాన్ని. ఆ గోళీ ఆపమన్నది నేనే. ఈ మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ చనిపోయింది. అక్కకు పదహారు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టి నన్ను బీఈడీ దాకా చదివించింది. బావ చెరుకు లారీల మీద పనిచేస్తూ చిన్నవయసులోనే పోయాడు, పిల్లలు లేరు. నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. కరోనాకు బళ్లు మూసేస్తే బట్టలు సర్దుకుని బోధన్‌లో అక్క ఇంటికి వచ్చాను.

బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. అందుకని మా వాడలో ఎక్కడ నలుగురు కూర్చున్నా, చదువొచ్చిన ఒకరు పేపరో కథల పుస్తకమో చదివి వినిపించాలి. చదివినామె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి ఆమె చాటలో వేస్తారు. తొమ్మిదో ఏట నుంచి అక్క పక్కన కూర్చుని ఆ పని చేశాను. అక్షరం రానివాళ్లకు నా గొంతులోంచి వచ్చిందంతా నిజమే. నేను తడబడి ఒక ఊరి పేరు తప్పు చదివితే వాళ్లు ఆ ఊరిని అదే పేరుతో పిలిచేవారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసి కొంచెం మిడిసిపడేదాన్ని కూడా.

ఆ ఎండాకాలం, బీడీ కార్ఖానా మళ్లీ తునికాకు ఇవ్వడం మొదలుపెట్టాక, మా అరుగు మీద ముగ్గురమే మిగిలాం. అక్క, నేను, మేం పిన్నమ్మ వరసలో ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దామె. మిగతావాళ్లు భయపడి ఎవరింట్లో వాళ్లే చుట్టుకునేవారు. అక్కకు బీపీ ఉంది, రోజూ ఒక గోళీ మింగేది. తంబాకు దుమ్ము వల్ల ఎన్నో ఏళ్లుగా పొడిదగ్గు కూడా. ఆ రోజుల్లో ఎవరైనా దగ్గితే వీధిలో తలుపులు పడేవి. ఆమె దగ్గిన ప్రతిసారీ నేను వీధి అటూ ఇటూ చూసేదాన్ని. ఉన్నది ఒక్క అక్క, ఆమె కూడా పోతే నాకెవరున్నారు అనుకునేదాన్ని.

అలాంటప్పుడు ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. బీపీకి వాడే కొన్ని గోళీలు ఊపిరితిత్తుల్లో కరోనా దూరే దారులను పెంచుతాయట. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువగా చనిపోతున్నది అందుకేనట. ఏడో తరగతికి ఊపిరితిత్తుల పాఠం చెప్పేదాన్ని కదా, అంతా అర్థమైందనుకున్నాను. తరగతిలో చదివినట్టు గొంతు సవరించుకుని వాళ్లిద్దరికీ రెండుసార్లు చదివాను. అక్క దారం తెంపుతూ ఆగింది.

"గట్లయితే నా గోళీ బంద్ జెయ్యాల్నా చెల్లె? డాక్టర్ను ఒకసారి అడుగుదమా?"

"దవాఖానకు పోతెనే అంటుకుంటది. గీ రోగం పోయేదాక ఆపు. తర్వాత మళ్ల మింగుదువు తియ్."

"మా పంతులమ్మ చెప్పినంక ఇంకేముంది" అని అక్క నవ్వింది.

ఖాలాకు కూడా బీపీ ఉంది, ఆమెదీ అక్క మింగే గోళీయే. ఆమె కూడా "అచ్ఛా బేటా" అని తల ఊపింది. కానీ ఆమె ఆపలేదు. మర్నాడు పొద్దున్నే మందుల షాపు అతన్ని అడిగితే, డాక్టరు చెప్పకుండా ఆపొద్దన్నాడట. ఆ సంగతి అక్క పోయాక చెప్పింది. మరి మాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు సదువుకున్నదానివి. నీ ముందట నేనేం జెప్పాలె బేటా?"

ఆమె మీద కోపం వచ్చి ఏడ్చాను. నా మీద రావాల్సిన కోపమే అది.

అక్క గోళీ ఆపిన రోజు నుంచి నేను ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నాననే అనుకున్నాను. ఏర్గట్ల ఊళ్లో ఉన్న చుట్టాలు పంపిన పసుపు మరిగించి పొద్దుమాపు తాగించాను. రోజూ నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరం చూశాను. వారం దాటాక తలనొప్పి అంది, ఎండకు అన్నాను. ఆకు మీద చూపు ఆనడం లేదంది, అద్దాలు మార్చాలి అన్నాను. దగ్గు పెరగలేదు, జ్వరం రాలేదు, నా అక్కను కాపాడుకున్నానని లోపల్లోపల సంబరపడ్డాను. గూట్లో గోళీల అట్ట రోజూ కనిపిస్తూనే ఉండేది.

పద్నాలుగో రోజు పొద్దున తునికాకు కత్తిరిస్తుంటే ఆమె చేతిలోంచి కత్తెర జారింది. తీసుకుంది, మళ్లీ జారింది. నా వైపు చూసి నవ్వబోయింది, కుడివైపు పెదవి కదలలేదు. "గట్ల నవ్వుతవేంది" అని విసుక్కున్నాను కూడా. అప్పుడు ఆమె గోడకు ఒరిగిపోయింది.

ఆటోలో నిజామాబాద్ తీసుకెళ్లాం. వద్దన్నా వినకుండా ఖాలా ఎక్కింది, "ఒక్కదానివి ఎట్ల తీస్కపోతవ్" అంటూ. ఆస్పత్రిలో ముందు కరోనా పరీక్ష చేశారు, ఫలితం వచ్చేదాకా వరండాలో స్ట్రెచర్ మీదే ఉంచారు. కరోనా లేదని తేలింది. పక్షవాతం అన్నారు. మాస్కు మీద మాస్కు కట్టుకున్న ఒక డాక్టరమ్మ వచ్చి బీపీ చూసి, నన్నడిగింది.

"బీపీ గోళీలు రోజూ వేసుకుంటుందా?"

"వేసుకుంటది" అన్నాను. ఆ అబద్ధం ఎట్లా వచ్చిందో తెలియదు, వచ్చేసింది.

ఖాలా వెనకనుంచి ముందుకొచ్చింది. "లేదు డాక్టరమ్మ. రెండు వారాలాయె, బంద్ జేసింది."

"ఎవరు ఆపమన్నారు?"

ఖాలా నా ముఖం చూసింది. నేను నేల చూశాను. అక్కకు మాట రావడం లేదు గానీ అన్నీ తెలుస్తున్నాయి. ఎడమచెయ్యి మెల్లగా ఎత్తి, నేనే అన్నట్టు తన రొమ్ము మీద పెట్టుకుంది.

డాక్టరమ్మ ఆమె మీదికి వంగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "చూడమ్మా, ఫోన్లలో తిరిగే మెసేజ్ నమ్మి చాలామంది ఇట్లాగే ఆపేస్తున్నారు. ఆ గోళీలతో కరోనా ఎక్కువవుతుందేమోనని మొదట్లో కొందరు డాక్టర్లకే అనుమానం వచ్చింది. అవునని తేలలేదు. అనుమానం వచ్చినప్పుడు కూడా గోళీలు ఆపమని మేం చెప్పలేదు. సొంతంగా ఆపితే ఇదిగో, ఇట్లా అవుతుంది. నీకు చదువు రాకపోతే అడగాలి కదా. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరా?"

అక్క నా వైపు చూడలేదు. లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.