ముల్లు ఎరుపు దాటకుండా

మొన్న ఎమ్మిగనూరు ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేసే ముందు నర్సమ్మ దూదికి స్పిరిట్ అద్దింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మస్తాన్ సాబ్ మీద నా పాత విసుగంతా ఒక్కసారిగా లేచి వచ్చింది. డిగ్రీ అయ్యాక ఆదోనిలో ఆయన రికార్డింగు షాపులో మూడేళ్లు పనిచేశాను. పొద్దున్నే నా మొదటి పని పెద్ద చక్రాల టేపు మిషను హెడ్డును స్పిరిట్ దూదితో తుడవడం. రెండో పని ఆయన లెవెలు పెట్టేదాకా కాచుకుని కూర్చోవడం. ఆ రెండో పనికి అంతు ఉండేది కాదు.

మిషను ముందు చిన్న అద్దం, దాని వెనక ఒక ముల్లు. గొంతు పెరిగితే ముల్లు కుడికి పోతుంది. ఎర్రగీత దాటితే శబ్దం చినిగినట్టు గరగరలాడుతుంది. మరీ తక్కువ పెడితే టేపు బుసలో మాట మునిగిపోతుంది. ఇంతే కదా, మీట కొంచెం అటూ ఇటూ తిప్పితే చాలదా అని నా గొడవ. ఆయనకు చాలదు, మనిషి ఎంత గట్టిగా అరవగలడో విన్నాకే లెవెలు పెడతాడు. ఒకసారి పత్తి వ్యాపారి ఒకాయన ప్రకటన చెప్పడానికి వచ్చాడు.

"అట్ల కాదన్నా, హమాలీల మీద అరిసినట్ల ఒక తూరి అరుసు" అన్నాడు సాబ్.

ఆ పెద్దమనిషి సిగ్గుపడుతూ అరిచాడు. "ఇంకా గట్టిగ!" ఐదోసారికి ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను తల పట్టుకున్నాను. సాబ్ మాత్రం ముల్లు వంకే చూస్తూ, "మంచి గొంతు, పోయినాడే!" అన్నాడు.

ఎమ్మిగనూరులో మా అవ్వ నూలు కండెలు చుడుతూ ఒక పాట పాడేది. మగ్గం దిగని మొగుణ్ణి పెళ్లాం ఎత్తిపొడిచే పాట. అది మొత్తం వచ్చిన మనిషి మా వీధిలో ఆమె ఒక్కతే మిగిలింది. ఒక ఆదివారం సాబ్‌ను అడిగి మిషను బస్సులో వేసుకుని పోయాను. ఆయన లేడు గనుక హాయిగా రెండు మాటలు చెప్పించి లెవెలు పెట్టేశాను. అవ్వ మెల్లగానే మొదలుపెట్టింది. చరణం చివర మొగుణ్ణి పిలిచే చోట గొంతెత్తింది. ముల్లు ఎర్రగీత దాటి చివరికి కొట్టుకుంది. ప్రతి చరణానికీ అంతే.

మర్నాడు షాపులో సాబ్ ఆ టేపు విన్నాడు. "తక్కువుంటే పెంచుకుందుము. ఇది సినిగిపోయింది గదమ్మా, యాడ కుట్టేది?" అన్నాడు. తిట్టలేదు. మరుసటి ఆదివారం తనే మిషను ఎత్తుకుని నాతో బస్సెక్కాడు.

అవ్వ మళ్లీ పాడింది. ముల్లు ఎక్కడా ఎరుపు తాకలేదు. నేను సంతోషపడుతుంటే సాబ్ సగంలో మిషను ఆపేశాడు.

"ఏమవ్వా, మొగుడు పక్కనే కూసోనుండాడా? ఇంత మెల్లగ పిలుస్తాండావు?"

"నేను అరిసినందుకే ఆ పొద్దు పాట సెడిపోయిందంట గదా సాబూ. మా పాప సెప్పినాది" అంది అవ్వ, తప్పు చేసినదానిలా తల దించుకుని.

ఆయన నా వైపు తిరిగాడు. ఆ గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు.

"మిషను తగ్గాల గానీ మనిషి తగ్గేదేమి? అంత పెద్దామెకు ఆ మాట ఎట్ల సెప్తివి?"

నా తొందరను కప్పిపుచ్చుకోవడానికి నేనే తప్పంతా అవ్వ గొంతు మీదికి నెట్టాను.

వీధి చివర కొళాయి దగ్గరున్న మా చిన్నమ్మను పిలవమన్నాడు సాబ్. "ఓ లచ్చిమీ!" అని అవ్వ కేకేసింది. చిన్నమ్మ బిందె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఏమీ లేదు పోమ్మా. అవ్వా, ఇంకో తూరి" అన్నాడు. నాలుగుసార్లు పిలిపించాడు. చిన్నమ్మ గొణుక్కుంటూ నాలుగుసార్లు వచ్చిపోయింది. ఆ కేకకు తగ్గట్టు మీట తగ్గించి, అప్పుడు పాడమన్నాడు. అవ్వ పాడుతుంటే పక్కింటి మగ్గం ఆగింది.

ఆ పాట నా దగ్గర ఉంది. అవ్వ లేదు, సాబ్ లేడు. నేనిప్పుడు ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌ని. పిల్లల తల్లులు కోపంగా వచ్చి నా బల్ల ముందు నిలబడి అరుస్తారు. "మెల్లగా మాట్లాడమ్మా" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. వాళ్లు అరవాల్సిందంతా అరిచాకే అసలు సంగతి బయటికొస్తుంది. అప్పటికి పూటంతా గడిచిపోతుంది, చేతిలో పని చేతిలోనే ఉంటుంది, నాకు మస్తాన్ సాబ్ మీద మళ్లీ ఒళ్లు మండుతుంది. అయినా ఇన్నేళ్లలో ఒక్కరినీ గొంతు తగ్గించమని అనలేకపోయాను.