తలుపు వెనక తమలపాకు తీగ

పెద్దముడియం దగ్గరి మా ఊరు వదిలి ప్రొద్దుటూరుకు వచ్చేటప్పుడు మా అత్త తనకోసమని తెచ్చుకున్నది ఒక్కటే, తమలపాకు తీగ. బావి గట్టున అవిసె చెట్టుకు అల్లుకున్న పెద్ద తీగ నుంచి మూడు కణుపుల ముక్క కోసి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పెద్ద తీగ ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్నది. మేము తాళం వేసి వచ్చిన ఎండాకాలమే నీళ్లు పోసే దిక్కులేక అది ఎండిపోయిందని తర్వాత తెలిసింది. పుట్టింటి పెరట్లోది అంతకు ముందే పోయింది. ఇక మిగిలింది నూనె డబ్బాలో నాటిన ఈ ముక్క ఒక్కటే.

మేము ఊరెందుకు వదిలామో కూడా చెప్పాలి. ఆ కాలంలో మా వైపు ఊళ్లన్నీ రెండు పార్టీలు. ఓట్ల పార్టీలు తర్వాత వచ్చి వాటి మీద కూర్చున్నాయి కానీ, మా రెండు పార్టీలు అంతకు ముందునుంచీ ఉన్నాయి. పార్టీలో ఉన్న ఏ ఇంట్లోనైనా పొద్దున ఎదురుగోడ మీద ఎండ పడేదాకా గేటు తీయరు. గేటు పక్కన మోకాలి కంటే ఎత్తున చెట్టు పెరగనీయరు. మా గన్నేరు చెట్టును ఏడాదికి రెండుసార్లు మొదలంటా కొట్టేసేవాళ్లు, దాని వెనక మనిషి నక్కకుండా. పొద్దున బయటికి రాకూడదు కాబట్టి చెట్లకు నీళ్లు పోయడం కూడా సాయంత్రమే, గేటుకు గడియ పెట్టే ముందు. ఏ ఇంట్లో చూసినా అంతే. మేమూ అదే పద్ధతి అనుకున్నాం.

మా మామ ఒక్కరోజు ఆ కట్టు తప్పాడు. పుష్యమాసం, మంచు బాగా పట్టింది. ముందురోజు నాటిన వంగనారుకు నీళ్లు చాల్లేదని, ఎండ రాకముందే బిందె తీసుకుని గేటు తీశాడు. మంచులో ఎదుటి పార్టీ వాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. ప్రాణం దక్కింది. కుడి భుజం మీద దెబ్బకు ఆ చేయి మాత్రం మళ్లీ పైకి లేవలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారానికే మేము ప్రొద్దుటూరు చేరాం. కేసు జమ్మలమడుగు కోర్టులో పడింది.

మా అద్దె ఇల్లు రెండు గదులు, ముందు పదడుగుల వాకిలి. తలుపు తూర్పుకు. ఎదురుగా బండ్లు నిలిపే ఖాళీ జాగా, దక్షిణం పక్క ఆనుకుని రెండంతస్తుల మేడ. మా ఆయన పని చేసే బట్టల అంగడి తొమ్మిదిన్నరకు గానీ తెరవరు. కాబట్టి తొమ్మిదిదాకా మా తలుపు తీసే పని ఎవరికీ పడలేదు. అత్తకు కావలసిందీ అదే. టౌనుకు వచ్చినా ఆమె గడియ మా ఊరి గడియే.

ఎండాకాలం, వానాకాలం తీగ బాగానే పెరిగింది. అత్త దానికి జొన్న కట్టె ఒకటి పాతి, మోకాలి ఎత్తు దాటగానే కిందికి చుట్టలు చుట్టేది. మామ చూసి నవ్వేవాడు.

"మే, ఆకు తీగ వెనకాల గూడా మనిషి నక్కుతాడా?"

"నువ్వు మాట్లాడద్దు. నీకు మాట్లాడే మొగమే ఉంటే మనం ఈడికెందుకు వస్తుమి?"

కార్తీకం దాటి చలి మొదలయ్యాక తీగకు కష్టం వచ్చింది. ముందు కింది ఆకులు పసుపుబారాయి. తర్వాత కణుపుల దగ్గర నల్లమచ్చలు. చలిగాలికే ఇట్లవుతోందని అత్త రోజూ దీపాలు పెట్టే వేళ డబ్బాను లోపలికి తెచ్చి, తలుపు వెనక మూలన పెట్టి, నిండా నీళ్లు పోసి, గడియ వేసేది. ఆకు ఎంత వాడితే అంత నీళ్లు. పొద్దున తొమ్మిదికి తలుపు తీసి డబ్బాను వాకిట్లో పెడితే, అప్పటికే మేడ నీడ వాకిలంతా పరుచుకుని ఉండేది. చలికాలం పొద్దు దక్షిణానికి వాలుతుందని ఎవరికి తెలియదు? కానీ మా ఊళ్లో నీడ వేసే మేడలు లేవు, అందువల్ల మాకు ఆ లెక్క అందలేదు.

మా పక్కింట్లో ఒకామె ఉండేది. సాయిబుల ఆమె, భర్త కువైట్లో. కుట్టుమిషను మీద బతికేది. ఓట్లు వచ్చాయంటే రెండు పార్టీల జెండాలూ ఆమే కుట్టేది. ఎవరు గెలిచినా నా మిషనుకు ఓటమి లేదు అనేది. ఆమె వాకిట్లో మాకంటే నాలుగు రెట్లు చెట్లు. చలికాలం వస్తే మల్లెకు నీళ్లు ఆపేసేది, ఆకు దూసేసేది. మొదటిసారి చూసి చెట్టును చంపుతోంది అనుకున్నాను. ఎండలు ముదిరాక మా వీధి కొప్పులన్నిటికీ ఆ చెట్టు పూలే. కరివేపాకు చలికి చిగురు వేయకుంటే దాన్ని గిల్లనిచ్చేది కాదు, పులిసిన మజ్జిగ ఒక చెంబు పోసి ఊరుకునేది.

తీగకు చలి తగలకుండా ఏదైనా గుడ్డముక్క ఇమ్మని అత్త ఆమెను అడిగింది. ఆమె జెండాల్లో మిగిలిన గుడ్డ ఇచ్చింది. రంగు చెప్పను, ఇప్పటికీ గొడవే. అత్త దాన్ని తీగ మీద కప్పి రెండు గంటలు కాలేదు, వీధిలో పోయే ఒకాయన నిలబడి అడిగాడు.

"ఏమ్మా, మా పార్టీలోకి వచ్చేసినారా? చెప్పనే లేదే!"

అత్త గుడ్డ లాగి పక్కింట్లోకి విసిరింది. పక్కింటామె కడుపు పట్టుకుని నవ్వి, అప్పటికప్పుడు రెండు పార్టీల గుడ్డముక్కలు కలిపి కుట్టి ముసుగు చేసి తెచ్చింది.

"ఇంద పెద్దమ్మా. ఇప్పుడు ఎవురన్నా అడిగితే, మా ఆకు తీగ అందరికీ ఓటేస్తాది అని చెప్పు."

ముసుగు వేసినా తీగ తేరుకోలేదు. సంక్రాంతి ముందు ఒకరోజు పక్కింటామె వచ్చి డబ్బా పక్కకు వంచి వాసన చూసింది. అడుగున వేసిన తూట్లు మట్టితో పూడిపోయి ఉన్నాయి. పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్లు కారాయి.

"ఎప్పుడు పోస్తాండావు నీల్లు?"

"సాయంత్రమే. ఎప్పుడూ సాయంత్రమే గదా పోసేది."

"అయ్యో పెద్దమ్మా! ఈ చలిలో పొద్దుగూకినాక పోస్తే ఆ నీల్లు యాడికి పోతాయి? రాత్రంతా దాని కాళ్లు సల్లనీల్లలో పెట్టి నిలబెట్టినట్లే. నిన్ను అట్ల నిలబెడితే ఉంటావా? ఊళ్లో నేల గాబట్టి తాగేసింది. ఇది డబ్బా."

ఆమె తీగను మట్టితో సహా బయటికి తీసింది. వేళ్లు వేలితో పట్టుకుంటే ఊడివచ్చాయి. పైనుంచి చూసుకుంటూ వచ్చి, నల్లబడని రెండు కణుపుల ముక్క ఒక్కటి కోసింది. జానెడు కూడా లేదు. డబ్బాకు మేకుతో కొత్త తూట్లు వేసి, అడుగున కుండపెంకులు పరిచి, పెన్నా ఇసుకలో చివికిన పేడ ఎరువు కలిపి ఆ ముక్కను నాటింది. చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"రెండు రోజులకొకసారి, పొద్దున, గ్లాసెడు నీల్లు. అంతే. కానీ ఎండ ల్యాకుంటే ఇది బతకదు. ఈ నెలలో మీ వాకిలికి ఎండ పొద్దు పొడిచినప్పుడే. ఏడు నుంచి ఎనిమిదిన్నర. ఆ ఎండ చూపియ్యి."

"ఏడుకా?" అంది అత్త. "తలుపు తీయాల్నా?"

"తీయకుంటే ఎండ తలుపు కొట్టి వస్తాదా?"

అత్త నీళ్ల సంగతంతా విన్నది, తలుపు సంగతి ఒక్కటి వినలేదు. ఉన్న కిటికీ ఒకటి ఉత్తరానికి, దాని కింద పెట్టి చూసింది. పదిరోజులైనా ముక్క పచ్చగానే ఉంది కానీ కణుపు కదల్లేదు. మట్టికి ఆనుకున్న చోట మాత్రం ఒక చిన్న మచ్చ వచ్చింది. ఆ మచ్చ మొదటి కణుపు దాటితే అంతే సంగతులు. అత్త రోజూ చిటికెన వేలు ఆనించి కొలుచుకునేది.

ఆ వారంలోనే జమ్మలమడుగు కోర్టులో మా కేసు వాయిదా రోజు వచ్చింది. మామ, మా ఆయన పోయి సాయంత్రానికి వచ్చారు. మామ చెప్పులు విడుస్తూనే చెప్పాడు.

"మన పార్టీ పెద్దోడూ వాళ్ల పార్టీ పెద్దోడూ ఇప్పుడు ఒకే పార్టీ అంట. ఒకే జీపులో దిగినారు. రాజీ పడండి అని మాకు చెప్పి, ఒకే జీపులో పోయినారు."

"నీ చెయ్యో?" అంది అత్త.

"చేతి సంగతి ఎవరూ ఎత్తలేదు."

అన్నం తిని చేయి కడుక్కున్నాక మామ వక్కాకు అడగలేదు. అడిగితే అంగడి ఆకు ఇవ్వాల్సి వస్తుందని అత్త కూడా ఊరుకుంది.

మరుసటి పొద్దున గడియ తీస్తున్న చప్పుడుకు నేను లేచాను. మామ ఎడమచేత్తో గడియ లాగుతున్నాడు. అత్త వెనకే పరిగెత్తి వచ్చింది.

"ఏమయ్యా, మతి పోయిందా నీకు? యాడికి?"

"యాడికీ పోను. తీగకు ఎండ కావాల."

"తొమ్మిదికి పెడ్తా గదా!"

"తొమ్మిదికి నీడ. మే, నన్ను కొట్టినోళ్లు, కొట్టించినోళ్లు అంతా ఒకటైపోయినారు. ఇంగ నేనొక్కన్నే లోపల ఉండాల్నా? తప్పుకో."

తలుపు తెరిచాడు. డబ్బాను ఎడమ చంకలో ఇరికించుకుని గడప దాటి వాకిట్లో పెట్టి, దుప్పటి కప్పుకుని దాని పక్కనే కూర్చున్నాడు. మంచు ఇంకా విడవలేదు, ఎదురు జాగాలో బండ్లు సగమే కనిపిస్తున్నాయి. అత్త రోకలి పట్టుకుని తలుపు వెనక నిలబడింది.

"రోకలితో ఎంతమందిని కొడతావు?" అన్నాడు మామ వెనక్కి తిరగకుండానే.

"ముందు నిన్నే కొడతా. నోరు మూసుకోని కూసో."

ఎనిమిదిన్నరకు నీడ వాకిట్లోకి రాగానే డబ్బాతో పాటు లోపలికి వచ్చాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఆయన ఎండలో, ఆమె తలుపు వెనక రోకలితో. పాలు పోసే ఆమె, పేపరు వేసే అతను వాకిలి ముందు నుంచి పోతే, అత్త రోకలి చేయి మార్చుకునేది. పన్నెండో రోజుకు పై కణుపు దగ్గర ఆవగింజంత ఉబ్బు కనిపించింది. కింది మచ్చ పెరగడం ఆగింది. మామ పిలిచి చూపిస్తానంటే అత్త గడప దాటలేదు. డబ్బా లోపలికి వచ్చాకే కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

రోజూ మంచులో కూర్చుని కూర్చుని మామకు జలుబు చేసి జ్వరం పట్టుకుంది. ఒక పొద్దున లేవలేకపోయాడు. పడుకున్న చోటు నుంచే కిటికీ వైపు చూసి, "ఏడు గంటలవతాంది," అన్నాడు.

"తెలుసు," అంది అత్త.

నేను పొయ్యి దగ్గర కషాయం కాస్తున్నాను. నేను పోతాలే అత్తా అనబోయాను. ఆమె అప్పటికే రోకలి తీసుకుంది. డబ్బా ఆమెకు రెండు చేతులతో గానీ లేవదు. కాసేపు రోకలి వైపు, డబ్బా వైపు చూసింది. రోకలిని గోడకు ఆనించి, గడియ తీసింది.

కషాయం దించి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. అత్త వాకిట్లో ఎండలో గొంతుకూర్చుని తీగ మీది రెండు పార్టీల ముసుగు మడుస్తోంది. చిగురు విప్పుకుని చిటికెన గోరంత ఆకైంది. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి తల లోపలికి తీసుకుంది.

"అమ్మాయ్," అని అత్త నన్ను కేకేసింది, "ఒక గ్లాసు నీల్లు తే. ఈపొద్దు పోసే రోజు."