కుడి నుంచి మొదలయ్యే గోడ

మా అమ్మ మీద ఒట్టు, నాకు కూడు పెట్టిన ఈ కుడిచెయ్యి మీద ఒట్టు, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. ఒట్లు పెట్టడం నాకు కొత్త కాదు. పెద్ద వాన పడ్డనాడు చేపలు భువనగిరి గుట్ట ఎగబాకి కోటలోకి పోయాయని ఒట్టేసి చెప్పి, ఇద్దరు పెద్దమనుషులను గంపలతో సహా గుట్ట ఎక్కించినవాణ్ని. కాబట్టి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కానీ ఇది నవ్వించడానికి రాస్తున్నది కాదు. ఇరవై ఏళ్లుగా ఒక గోడను మోస్తున్నాను. మూడు బొమ్మలున్న మట్టిగోడ. అసలు గోడ వానలకు ఎప్పుడో కరిగిపోయింది. నా మీదున్నది కరగలేదు. అలసిపోయాను. ఇది మీకు చెబితే దిగిపోతుందన్న ఆశ లేదు. చెప్పకుండా మోయడం ఇక చేతకావడం లేదు, అంతే.

నేను బోర్డులు రాసేవాణ్ని. భువనగిరి బజారులో కిరాణా దుకాణాలకు, బట్టల దుకాణాలకు, ఒక హకీము గారి దవాఖానకు నేనే రాశాను. నిజాం రోజుల్లో ఉర్దూలో, పోలీసు యాక్షన్ తర్వాత తెలుగులో. నేను చదివింది ఉర్దూ బడి. పలక మీద మొదటి గీత కుడివైపు గీసినవాణ్ని. ఇప్పటికీ ఖాళీ బోర్డు ముందు నిలబడితే చెయ్యి దానంతట అదే కుడి అంచుకు పోతుంది.

యాక్షన్ అయిన మరుసటి ఏడు. రజాకార్ల పీడ పోయింది గానీ కమ్యూనిస్టు సంఘం దళాలు ఇంకా గుట్టల్లోనే ఉన్నాయి. ఊరూరా మిలిటరీ క్యాంపులు. ఒక క్యాంపులో రాతపనులు చూసే మున్షీ నన్ను పిలిపించి అచ్చేసిన కాగితం ఒకటి చదివి వినిపించాడు. ఒక పేజీ నిండా ఉంది. అడవిలో ఉన్నవాళ్లు ముందు క్యాంపుకు రావాలి, తుపాకీ అప్పజెప్పాలి, పేరు రాయించుకుని చీటీ తీసుకోవాలి, ఆ తర్వాతే ఇంటికి పోవాలి. చీటీ లేకుండా ఊళ్లో కనబడ్డవాడు దాక్కున్నవాడితో సమానం. కాగితం ప్రతి చావడికీ అంటించారు. చదివేవాడు లేడు. చాటింపు వేస్తే సగం మాటలు డప్పులోనే పోతున్నాయి. నువ్వు బొమ్మలు గియ్యి, చూడగానే తెలియాలి అన్నాడు మున్షీ.

ఆ పని నాకు నచ్చింది, దాచను. ఒక పేజీ మాటలను చదువురాని కంటికి ఎలా చేర్చాలి? మాటలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోయాను. లొంగిపోవడం అనే మాటకు బొమ్మ లేదు, తుపాకీ నేల మీద పెట్టడానికి ఉంది. మన్నింపుకు బొమ్మ లేదు, తల్లి వడ్డిస్తుంటే జొన్న గటక తినడానికి ఉంది. సిపాయిల తుపాకీ గీస్తే ఎవరూ పోల్చుకోరని దళాల చేతిలో ఉండే నాటు భర్మారు గీశాను. గుడారం చూసినవాళ్లు తక్కువ గనుక దాని మీద మూడు రంగుల జెండా పెట్టాను. చీటీ అంటే తెల్ల కాగితం, మధ్యలో గుండ్రటి ఎర్ర ముద్ర. ముద్రను కావాలనే మనిషి తలకాయంత చేశాను, బాట మీది నుంచి కూడా కనబడాలని.

చివరికి కాగితం మీద మూడే బొమ్మలు మిగిలాయి. ఒకదాంట్లో మనిషి గుడారం ముందు తుపాకీ కింద పెడుతున్నాడు. ఇంకోదాంట్లో అధికారి రాసి చీటీ ఇస్తున్నాడు. మరోదాంట్లో మనిషి ఇంట్లో కూర్చుని తింటున్నాడు. తుపాకీ కుడి చివర, ఇల్లు ఎడమ చివర. నాకు అందులో వింతేమీ కనబడలేదు. మున్షీ వచ్చి చూశాడు. ఆయనదీ ఉర్దూ చదువే. కుడి నుంచి ఎడమకు కళ్లు జరిపి, తలాడించి, ఇలాగే అన్ని ఊళ్లలో వెయ్యమన్నాడు. ఒక పేజీని మూడు బొమ్మల్లోకి దించానని ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

మోత్కూరు బాట పక్కన ఒక ఊరు. పేరు రాయను. అక్కడ పశువుల కొట్టం గోడ దొరికింది. సున్నం పూసి, మసితో గీతలు గీసి, ఎర్ర జాజుమట్టితో, నీలిమందుతో రంగులు నింపాను. ఆ గోడకు ఎదురుగా నిలబడితే కుడివైపు మోత్కూరు బాట, ఎడమవైపు ఇళ్లు. జీపులో వచ్చేవాళ్లకు ముందు తుపాకీ బొమ్మ ఎదురవుతుంది. ఇళ్లలో నుంచి వచ్చేవాళ్లకు ముందు ఇల్లు ఎదురవుతుంది. చదువుకున్నవాడికి పుస్తకం ఏ వైపు తెరవాలో తెలుసు. చదువురానివాడికి గోడ తను నడిచే దిక్కునే మొదలవుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదు? ఆ రోజు ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే తట్టేదేమో. ఎవరూ ఏమీ అడగలేదు. బొమ్మలు మంచిగున్నాయన్నారు, పోయారు.

ఆ ఊళ్లో ఈదమ్మ అనే ఆమె ఉండేది. అప్పటికే యాభై దాటిన మనిషి. మేకలు కాసుకుని బతికేది. ఒక్కడే కొడుకు, సాయిలు. సంఘంలో చేరి, దళంతో గుట్టల్లోకి పోయి ఏడాది దాటింది. ఆమె రోజూ పొద్దున మేకలను ఇంటి దగ్గర నుంచి ఆ గోడ పక్కగానే తోలుకుపోయేది. రోజూ చూసేది. ముందు ఇంట్లో కూర్చుని తింటున్న కొడుకు. తర్వాత రాసి చీటీ ఇస్తున్న అధికారి. ఆ తర్వాత తుపాకీ కింద పెట్టడం. అంటే కొడుకు ముందు ఇంటికి రావాలి, రాసేవాళ్లు వచ్చి రాసుకుంటారు, అప్పుడు తుపాకీ ఇచ్చేయాలి. ఆమె అనుకున్నదాంట్లో తప్పేముంది? భూమి లెక్క రాయడానికి వచ్చే గిర్దావరైనా, జనాభా రాయడానికి వచ్చేవాడైనా ఇంటికే వచ్చి, మంచం వేయించుకుని కూర్చునే కదా రాసేవాడు.

మేకల వెంట గుట్టల దాకా పోయి కొడుక్కు కబురు చేసింది. సాయిలు పట్టపగలే వచ్చాడు, భయపడే పని లేదని తల్లి చెప్పింది కదా. తిన్నాడు. భర్మారు మంచం కింద పెట్టి పడుకున్నాడు. అప్పుడు ఈదమ్మ తనంతట తానే పోలీసు పటేలు ఇంటికి పోయి, నా కొడుకు వచ్చాడు, రాసేవాళ్లను పిలిపించండి అని చెప్పింది. సంతోషంగా చెప్పిందట. దారిలో ఎదురైన వాళ్లకు కూడా చెప్పిందట.

జీపు వచ్చింది. చీటీ లేదు, తుపాకీ ఇంట్లో ఉంది. కొట్టుకుంటూ తీసుకుపోయారు. మూడో రోజు, పారిపోబోతుంటే కాల్చామని కబురు వచ్చింది.

నాకు ఈ సంగతి చెప్పింది బండి తోలే ఖాసీం. ఆ ఊరి మీదుగా వడ్లు తెచ్చేవాడు. తల్లే కొడుకును పట్టించిందని ఊరంతా అంటోందట. ఆమె మాత్రం బొమ్మ అట్లనే చెప్పిందని గోడ చూపిస్తోందట. మున్షీ కూడా విని, ఆ గోడ సంగతేందో చూడాలన్నాడట. ఖాసీం నా ముఖం చూసి, భాయ్, ఏమైంది, జ్వరమా అని అడిగాడు.

భయమేసింది. చచ్చినవాడి గురించి కాదు, నా గురించి. మున్షీ తను సరేనన్న మాట దాటేసి, సర్కారు బొమ్మను తలకిందులు చేసి గీశాడు, వీడు సంఘం మనిషే అంటే నా గతేంటి? ఆ రోజుల్లో ఇంతకన్నా చిన్న అనుమానానికే మనుషులు మాయమయ్యారు. మరునాడు జాజు గిన్నె పట్టుకుని ఆ ఊరు పోయాను. మిట్టమధ్యాహ్నం, జనమంతా చేలల్లో ఉన్నారు. బాణం గుర్తు వేద్దామనుకున్నాను. బాణమంటే వాళ్లకు వేటే గుర్తొస్తుంది. అందుకని ఉత్త పాదాల అడుగులు వేశాను. గుడారం నుంచి చీటీకి, చీటీ నుంచి ఇంటికి. చిన్న చిన్న ఎర్రని అడుగులు. పసిపిల్లకైనా తెలుస్తుంది ఎటు నడవాలో. పావుగంట పని.

గిన్నె కడుగుతుంటే వెనక మేకల చప్పుడైంది. ఈదమ్మ గోడ ముందు నిలబడి ఉంది.

"గీ అడుగులు అప్పుడు లేకుండె గద బిడ్డా."

"ఉన్నయవ్వా. మొదటికెల్లి ఉన్నయి. నువ్వే జూల్లే."

"నేను దినాం జూసిన."

"వానకు మాసిపోయినట్టున్నయి. అందుకే మల్ల దిద్దుతున్న."

ఆమె దగ్గరికి వచ్చి ఒక అడుగు మీద వేలు పెట్టింది. జాజు ఇంకా ఆరలేదు, వేలికి అంటింది. ఆ వేలును చూసుకుంది. నన్ను చూసింది. తర్వాత చీర కొంగుకు తుడుచుకుంది.

"నా కండ్లే పోయినయి బిడ్డా. నా కండ్లు మండ. నా పోరన్ని నేనే తిన్న."

నేను గిన్నె కడగడం ముగించాను. ఆమె మేకలను తోలుకుపోయింది.

సాయంత్రం మున్షీ వచ్చి చూశాడు. అడుగులు స్పష్టంగానే ఉన్నాయి కదా, ముసలిదానికి కళ్లు కనబడలేదు అన్నాడు. ఆ అడుగులు నిన్న లేవని ఊళ్లో నలుగురికైనా తెలుసు. జీపు నిలబడి ఉండగా గోడ గురించి ఎవరు మాట్లాడతారు? కొన్నాళ్లకు వాళ్లు కూడా, మొదటి నుంచి ఉన్నాయేమో, మేమే చూడలేదేమో అనుకున్నారు. అబద్ధం చెప్పడం నాకు వచ్చిన విద్య. కానీ ఒక ఊరు ఊరంతా తన కళ్లనే నమ్మకుండా చేయగలనని అప్పటిదాకా నాకూ తెలియదు.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా నీచమైనది. మెల్లమెల్లగా దాన్ని కథ చేశాను. హోటల్లో చాయ్ తాగుతూ, బొమ్మను తిరగేసి చదివిన ముసలమ్మ కథ అని చెప్పేవాణ్ని. నా కథలో కొడుకు చావడు. రాసేవాళ్ల కోసం ఇంట్లో కూర్చుని ఒక్కడే కడవెడు గటక తాగుతాడు, ఊరంతా వచ్చి చూస్తుంది, అధికారి కూడా ఒక గిన్నె అడిగి తాగుతాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. మళ్లీ చెప్పమనేవాళ్లు. ఎన్నిసార్లు చెప్పాను? చెప్పిన ప్రతిసారీ గటక కొంచెం పెరిగేది. అలా చెబితే వాడు బతికి వస్తాడనుకున్నానా? లేక ముసలమ్మదే తప్పని నేనే నమ్మాలనుకున్నానా? ఆలోచిస్తే రెండోదే నిజమనిపిస్తుంది. ఒక రోజు ఆ ఊరి మనిషి ఒకడు పక్క బల్ల మీద కూర్చుని కథంతా విన్నాడు. నవ్వలేదు. చాయ్ సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ రోజు నుంచి చెప్పడం మానేశాను.

ఈదమ్మ ఇంకా పదేళ్లు బతికింది. కొడుకును పట్టించిన మనిషని ఆమె ఇంట్లో ఎవరూ నీళ్లు ముట్టలేదట. తన కళ్లదే తప్పని ఆమె కూడా అడిగినవాళ్లకల్లా చెప్పుకుందట. పోయి నిజం చెప్పడానికి నాకు పదేళ్ల వ్యవధి ఉండింది. మోత్కూరు వైపు పని దొరికితే చుట్టుదారిన పోయాను గానీ ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. ఆమె పోయిందని విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక చెప్పే పని లేదన్న నిమ్మళం. ఆ నిమ్మళం నిజమేనని ఇక్కడ రాసిపెడుతున్నాను. దానికి కూడా జవాబు చెప్పుకోవాలి.

ఇంతటితో ఆపుదామనుకున్నాను. కాగితం మడిచి, మళ్లీ విప్పాను. ఇందులో ఒకటి కల్పించి రాశాను. చేపల గురించి కాదు. గోడ వేసిన రోజు నన్ను ఎవరూ ఏమీ అడగలేదని రాశాను కదా, అది అబద్ధం. అడిగారు. ఈదమ్మే అడిగింది. నాకు తట్టలేదని రాసింది కూడా అబద్ధమే. అడుగులు వేసిన మధ్యాహ్నం ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు తెలియదు, నేను ఎత్తలేదు. ఇది నేను ఏ కథలోనూ ఎవరికీ చెప్పలేదు. మన్నించమని మిమ్మల్ని అడగను, ఆ పని మీది కాదు. రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది, అది చాలు.

ఆ రోజు రంగు ఇంకా ఆరలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు, నేనేదో ఒకటి అంటే నవ్వుదామని కాచుకుని. ఆమె మేకలను నిలిపి, మూడు బొమ్మలనూ చూసి, "గిది ఏ దిక్కుకెల్లి జూడాలె బిడ్డా?" అని అడిగింది. నా చెయ్యి ఆగింది. ఆ ఒక్క క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. ఇళ్లు ఎటున్నాయో చూశాను, బాట ఎటుందో చూశాను. జాజు గిన్నెలోనే ఉంది. కానీ చదువురాని ఒక ముసలామె అడిగితే నా బొమ్మ దిద్దుకోవాలా, ఇంతమంది ముందు?

"ఎటుకెల్లి జూసినా ఇంటికే పోతడవ్వా" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఇళ్లవైపు చివరకు నడిచి, అక్కడి నుంచి చూడడం మొదలుపెట్టింది.