భాగీరథి కత్తిరించిన భాగం

చేవెళ్లలో కిరాణా దుకాణం నడిపే భాగీరథికి సాయంత్రం సీరియల్ మొదలైతే కాంటా మీద చెయ్యి ఆగిపోతుంది. అందులో హంతకుడంటే ఆమెకు ప్రాణం. పోలీసులు వాడి వీధిలోకి రాగానే ముక్కుపుడక మీద వేలు పెట్టుకుని, "జర పక్కసందుల నుంచి ఉరుకు బిడ్డా," అని టీవీకి దారి చెబుతుంది. నిన్న కోడలు సంతోషి నవ్వింది.

"మనిషిని చంపినోని మీద గంత పావురమా అత్తమ్మా?"

"వాడెంత గోస పడ్డడో మొదటి సంది చూసిన కదనే."

"మరి గోపమ్మ గోస ఎవరు చూసిండ్రు?"

కూలికి పోయే గోపమ్మ పాలపొడి డబ్బా కొంగులో దాచుకోవడం దుకాణం కెమెరాలో పడితే, ఆ వీడియోను వాట్సాప్‌లో అందరికీ పంపింది భాగీరథే. అప్పటి నుంచి గోపమ్మ ఆ వీధి తొక్కలేదు. దాచుకోకముందు ఆమె డబ్బాను రెండుసార్లు తీసి, మళ్లీ అరలోనే పెట్టేసింది. పొడుగైందని ఆ భాగాన్ని కత్తిరించింది కూడా భాగీరథే. ఇవాళ మొత్తం పంపుదామని వెతికితే కెమెరాలో పాతవన్నీ చెరిగిపోయి ఉన్నాయి. పంపిన ముక్క మాత్రం మొయినాబాద్‌లోని చెల్లెలి దగ్గర నుంచి తిరిగొచ్చింది: "అక్కా, ఈ దొంగది మీ దిక్కే తిరుగుతున్నదంట, పైలం."

"ఆమె దొంగ కాదే," అని భాగీరథి రాసింది. పైన వీడియోలో గోపమ్మ మళ్లీ డబ్బా దాచుకుంటోంది.