ఇంకొకరి పేజీల నా పాటలు

ఆల్బం చేస్తున్న అని చెప్తే మా అన్న అడిగిన మొదటి మాట, ఎవరు చేయిస్తున్నరు అని. ఎవరూ చేయిస్తలేరు, నేనే చేసుకుంటున్న అని చెప్పిన. చాయ్ తాగి, పద్మారావు నగర్‌ల వాళ్ళింటికి పోయిండు. మళ్ళ ఆ ముచ్చట ఎత్తలే.

నిజంగనే అన్నీ నేనే. రాసేది నేను, బాణీ కట్టేది నేను, పియానో వాయించేది నేను, పాడేది నేను. రికార్డింగ్ సుత సికింద్రాబాద్ మెట్టుగూడల మా ఫ్లాట్ వెనక రూంల. అది అమ్మ రూం. అమ్మ పోయినంక ఏడాది దాకా ఆ తలుపు తీయబుద్ధి కాలే. తర్వాత బయటి చప్పుడు రావొద్దని ఆమె బొంతలే గోడలకు కొట్టి, పియానో లోపలికి జరిపించిన. లాలాగూడల రైల్వే క్వార్టర్ ఖాళీ చేస్తున్నోళ్ళ దగ్గర ఎప్పుడో కొన్న పాత పియానో అది. పొద్దున స్కూల్ల పిల్లలకు సంగీతం చెప్పుడు, మధ్యాహ్నం ఇంటికొచ్చి కిటికీలు మూసి, ఫ్యాన్ బంద్ చేసి, చెమటలు కారంగ పాడుడు. పాట మంచిగ పోతున్నదంటే చాలు, సరిగ్గ అప్పుడే పైఇంటోళ్ళ కుక్కర్ కూత పెడ్తది. మళ్ళ మొదటి నుంచి షురూ. రెండేండ్లు గిట్లనే గడిచినయి. నా గొంతు నేనే విని, నేనే తప్పు పట్టి, నేనే సరేలే అనుకునుడు. ఒక్కోసారి కోపమొచ్చి అంతా చెరిపేద్దామనిపించేది. చెరిపేసినా ఎందుకని అడిగేటోళ్ళు లేరు, అదింకో కోపం.

నా ఆశ పెద్దదేం కాదు. నాకు తెలియని మనిషి ఒక్కరు, మొహమాటానికి కాకుండ, మొదటి పాట నుంచి ఏడో పాట దాకా వినాలె. అంతే. తెలిసినోళ్ళు "సూపర్" అని మెసేజ్ పెడ్తరు గని వినరు. నాకెట్ల తెలుసంటే, నేను సుత గట్లనే పెడ్త.

ఇప్పుడు పాటలు బయటికి రావాలంటే క్యాసెట్లు, సీడీలు అక్కర్లేదు. ఆన్‌లైన్ల ఒక కంపెనీకి పాటలు పంపి ఫారం నింపితే, ఫోన్ల పాటలు వినే యాప్‌లన్నిట్ల వాళ్ళే పెడ్తరు. ఆ ఫారంల రాసిందెవరు, వాయించిందెవరు, పాడిందెవరు అని ఒక్కోదానికి ఒక్కో గడి. అన్నిట్ల నా పేరే కొట్టుకుంట పోయిన. చివరికి వచ్చేసరికి విసుగొచ్చింది. ఈ పేరు మీద యాప్‌లల్ల ముందే ఒక పేజీ ఉంది, అది మీదేనా అని ఆ ఫారం అడిగింది. నా పేరే కదా, ఇంకెవరిదైతది అనుకుని అవును అని నొక్కిన.

రిలీజ్ నాడు పొద్దున లేవంగనే ఫోన్ల నా పేరు వెతికిన. పేజీ వచ్చింది. ఫోటో మాత్రం నాది కాదు. పట్టుచీర, నుదుట పెద్ద బొట్టు, ఎవరో పెద్దావిడ. ఇంటిపేరుతో సహా నా పేరే ఆమె పేరు. భక్తిపాటలు పాడుతది. వేంకటేశ్వరుని పాటలు, అమ్మవారి హారతులు, కిందికి జరిపే కొద్దీ వస్తనే ఉన్నయి. కొత్తది కాబట్టి వాటన్నిటి మీద నా ఆల్బం, నల్ల పియానో ముందట ఖాళీ కుర్చీ బొమ్మతోని. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు సుత వచ్చింది.

కంపెనీకి రాద్దామని కూసున్న. రాసే ముందు, ఎంతమంది విన్నరో ఊరికే చూసిన. ఇంకా టిఫిన్ టైం కాలే, అప్పటికే వందల మంది. కింద జనం రాసిన మాటలు చూస్తే, ఆమె పాటలు పొద్దున దీపం పెట్టేటప్పుడు పెట్టుకునే ఇండ్లు మస్తున్నయట. ఆమె కొత్త పాట వచ్చిందంటే వాళ్ళ ఫోన్లల్ల దానంతటదే మోగుతది. ఎవరెవరి దేవునర్రలల్లనో నా గొంతు మోగుతున్నది. లాప్‌టాప్ మూసి, రేపు రాస్త అనుకున్న.

రేపు రేపు అనుకుంట తొమ్మిది రోజులు రాయలే. తప్పని తెల్వదా అంటే, తెలుసు. కానీ కింద జనం రాసే మాటలు చదువుడు నాకు అలవాటైపోయింది. ఎక్కువ మాటలు మూడో పాట గురించే. అమ్మ పోయినంక సుత నేను పొద్దున రెండు గ్లాసుల చాయ్ పెట్టుడు మానలే, ఆ రెండో గ్లాసు మీద రాసిన పాట అది. ఒకాయన, దేవునికి చాయ్ నైవేద్యం ఎప్పటి నుంచమ్మా అని ఎక్కిరించిండు. దాని కిందనే ఒకామె రాసింది: "మా ఆయన పోయి మూడేళ్లు. నేనూ ఇప్పటికీ రెండు గ్లాసులే పెడతాను. ఇన్నాళ్లకి నా మాట పాడావు తల్లీ."

స్కూల్ బాత్రూంల నిలబడి అది ఎన్నిసార్లు చదివిననో. ఆ తల్లి నేనే. కానీ ఆమె పిలిచింది నన్ను కాదు, పట్టుచీర ఫోటోల ఉన్న పెద్దావిడను. జవాబు రాద్దామంటే నేనెవరినని రాయాలె? కండ్లు కడుక్కుని క్లాసుకు పోయిన.

పదో రోజు ఫోన్ వచ్చింది. ప్రోగ్రాంలకు పిలవాలంటే ఈ నంబర్‌కు చేయండి అని ఆల్బం కింద నేనే నా నంబర్ ఇచ్చుకున్న. దానికి వచ్చిన మొదటి ఫోన్ అదే. "నా పేరు గల అమ్మాయివి నువ్వేనామ్మా?" అన్నది ఆమె.

కాకినాడ నుంచి మాట్లాడుతున్న అన్నది. నేను చూడలేదండీ, ఇప్పుడే తెలిసిందండీ అని అబద్ధాలు వరుసగ రెడీ పెట్టుకున్న. ఆమె తిట్టలే. తిడితే మంచిగుండేది. ముప్పై ఏండ్ల నుంచి పాడుతున్నదట, గుళ్ళల్ల, వ్రతాలల్ల, ఎవరు పిలిస్తే అక్కడ. బయట వినేటోళ్ళున్నరు గని ఇంట్ల ఎవరూ వినరట. ఆమె పాట మొదలుపెడితే టీవీ సౌండ్ పెంచుతరట. చెప్తూ చెప్తూ గొంతు తగ్గించింది, పక్క రూంల ఎవరో ఉన్నట్టుంది.

"మొన్న మా కోడలు వంటింట్లోంచి వచ్చి, అత్తయ్యా, ఆ టీ పాట ఎంత బాగా పాడారు, ఏడుపొచ్చేసింది అంది. పెళ్లయి పదకొండేళ్లమ్మా. నా పాట బాగుందని తను అనడం అదే మొదటిసారి. అది నేను పాడింది కాదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది."

నాకు తొమ్మిది రోజులైనా సరిపోలేదని నేను చెప్పలే. నీ పాటలు నువ్వు తీసుకెళ్లిపో తల్లీ అని అడిగింది. కోపంతోని కాదు, బతిమాలినట్టు. ఈ రోజే రాస్తనండీ అన్న.

అన్నట్టే రాసిన. వారం తిరగకముందే ఏడు పాటలు నాకని కొత్తగ తెరిచిన పేజీకి వచ్చినయి. రెండు గ్లాసుల ఆమె మాటలు మాత్రం నా వెంట రాలే. ఇప్పుడు నన్ను వినేటోళ్ళు నలుగురని చూపిస్తది. అందులో ఇద్దరం నేనే, ఒకటి ఫోన్‌ల, ఒకటి లాప్‌టాప్‌ల. మూడో మనిషి మా అన్న అయ్యుంటడని నా అనుమానం, అడగలే. నాలుగో మనిషెవరో తెల్వదు. ఒంటరితనం నాకు కొత్త కాదు, దాన్ని తట్టుకుంట. తట్టుకోలేంది, ఆ రోజు ఫోన్ పెట్టే ముందు ఆమె అడిగిన మాట.

"ఇన్ని రోజులూ నా పేజీ చూస్తూనే ఉండుంటావు కదమ్మా. నావి ఏమైనా విన్నావా?"

లేవంగనే చూసేదాన్ని. బస్సు సికింద్రాబాద్ స్టేషన్ కాడ ఆగితే చూసేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసేదాన్ని. తొమ్మిది రోజుల్ల ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచిననో లెక్కే లేదు. నా ఏడు పాటల కిందనే వరుసగ ఆమెవి. వేలు జెర కిందికి జరిపి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నొక్కలే. ఇంత సిగ్గు నేను ఎన్నడూ పడలే.

"విన్ననండీ," అన్న. "మస్తున్నయి."

సంతోషం తల్లీ, అన్నది. ఏ పాట అని మాత్రం అడగలే.